అప్‌డేట్: ‘ది బెల్స్’ నాటకంలో వల తెర సమస్య తీరింది

ఇంగ్లండ్‌లో మా ఊరి పాత థియేటర్లో 1871 నాటి మెలోడ్రామా ‘ది బెల్స్’ వేస్తున్నామని, మొదటి అంకం చివర హంతకుడు మాథయస్‌కు కనిపించే మంచుబండి దృశ్యం వల తెర (ముందు నుంచి లైటు పడితే గోడలా, వెనక లైటు వెలిగితే ఆరపార కనిపించే పల్చటి గుడ్డ) వెనక నుంచి సమయానికి ముందే బయటపడిపోతోందని, ఏం చేయాలని ఇంతకుముందు పోస్టులో అడిగాను. సాయం చేసినవాళ్లందరికీ థ్యాంక్స్.

పక్కనుంచి లైటు వేయమన్న సలహానే పనిచేసింది. లైటింగ్ తెలిసినాయన వచ్చి చూసి, ఎదురు లైట్ల వెలుగు వల కన్నాల్లోంచి దూరి వెనకున్న తెల్ల గుడ్డ మీద పడుతోందని తేల్చారు. ఆ లైట్లను పక్కలకు, ఏటవాలుగా మార్చారు. వల వెనకే నల్ల తెర కట్టించి, ముందు లైటు తగ్గుతుండగా దాన్ని లాగేసి, బండి మీద లైటు మెల్లగా పెంచమన్నారు. గోడ ఉన్నచోట చీకట్లోంచి ముందు గుర్రం తల, తర్వాత బండిలో మాథయస్ చంపిన వ్యాపారి ముఖం తేలాయి. నాకైతే ఒళ్లు జలదరించింది!

కొత్త వల కొనక్కర్లేకపోయింది. పొగ మిషన్‌తో వెలుగు గాల్లోనే పరుచుకుని ఇంకా పాడైంది. హక్కుల టెన్షన్ కూడా అనవసరం: రచయిత లియోపోల్డ్ లూయిస్ 1890లోనే చనిపోయారు, ఇక్కడ కాపీరైట్ రచయిత పోయాక 70 ఏళ్లే. ఈమధ్య ఎవరైనా మార్చి రాసిన ప్రతి వాడితే మాత్రం అనుమతి చూసుకోండి.

మంచుబండి గంటల మోతకు రికార్డింగ్ మానేసి, వింగులో (స్టేజీ పక్కన ప్రేక్షకులకు కనిపించని చోట) నిజమైన మువ్వల పట్టీనే ఊపుతున్నాం.