అప్‌డేట్: సీఏ ఫైనల్ మొదటి గ్రూపు గట్టెక్కింది

మూడు పేపర్లలోనూ 40 చొప్పున దాటినా పాసవ్వడానికి కావలసిన మొత్తం 150కి 7 మార్కులు తగ్గి గ్రూపు పోయిందని, నాలుగేళ్ల పాపతో మళ్లీ కూర్చోవాలా, మానేయాలా అని లోగడ ఇక్కడ అడిగాను. ఫైనాన్షియల్ రిపోర్టింగ్‌లో వచ్చిన 62కు ఎగ్జెంప్షన్ ఉంటుందని (అంటే ఆ పేపర్ మళ్లీ రాయనక్కర్లేదు, ఆ మార్కులు మొత్తంలో కలుస్తాయి), మిగిలిన రెండింటిలో ఒక్కోదాంట్లో 40కి తగ్గకుండా కలిపి 88 తెచ్చుకుంటే చాలని మీలో ఒకరు లెక్క కట్టి చూపడంతో ధైర్యం చేసి ఫారం నింపాను. తెల్లవారుజామున నాలుగింటికే లేచి, వంటింటి గట్టు మీద ఆడిటింగ్ జవాబులను ఊరికే చదవకుండా గడియారం ముందు పెట్టుకుని రాశాను. నిజానికి మొదటిసారి దెబ్బతిన్నది అక్కడే. సాయంత్రాలు పాపను అత్తయ్యగారు చూసుకున్నారు (పరీక్ష ముందు రోజే దానికి జ్వరం రావాలా!). ఈసారి 45, 46 వచ్చాయి, పాత 62తో కలిపి మొత్తం 153. రెండో గ్రూపు పుస్తకాలకు నిన్ననే అట్టలు వేశాను, ఒకదాని మీద పాప అప్పుడే ఏనుగు బొమ్మ గీసింది.