మెదడు జబ్బుల జన్యువులు తెలుసుకోవడానికి జీబ్రా చేప సరిపోతదా?

హన్మకొండ_అమ్మాయి:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్న. ప్రాజెక్టుకు మా గైడు ఇచ్చిన అంశం మైక్రోగ్లియా. అంటే మెదడులోనే ఉండి, చచ్చిన కణాలను, చెత్తను తినేసే రోగనిరోధక కణాలు. ఏ జన్యువులుంటే అవి పుట్టి నిలబడతాయో జీబ్రా చేపల్లో చూడాలె. ఇంట్ల చెప్తే మా బాపు, "మనిషి మెదడు జబ్బుకు అక్వేరియం చేపేంది బిడ్డా?" అన్నడు. నాకు జవాబు రాలే. మీరైతే ఏం చెప్తరు?

పరకాల_పెద్దకొడుకు:
మీ బాపు సరిగ్గనే అడిగిండు చెల్లె. మా అమ్మకు ఆరేండ్ల సంది మతిమరుపు జబ్బు. నన్ను చూసి "ఎవలి పిలగానివి" అంటది. ముద్ద నోట్లె పెడితే నమలాలన్నది కూడా యాది మరుస్తది, పక్కన కూసోని దవడ నిమిరితే అప్పుడు నములుతది. ఈ ఆరేండ్లల్ల ఎలుకకు నయమైంది, చేపకు నయమైంది అని పేపర్ల ఎన్నిసార్లు చదివిన్నో. చేపకు మతిమరుపు వస్తదా? ఆ పైసలు, ఆ కష్టం మనుషుల మీద పెట్టాలె.

చేపల_గది:
అన్నా, అమ్మ సంగతి చదివి మనసు బరువైంది. నేను హైదరాబాద్‌ల ఒక ల్యాబుల నాలుగేండ్లు చేపల గది చూసుకున్న. చేపకు మతిమరుపు వస్తదని అక్కడ ఎవరూ అనలే. అడిగే ప్రశ్న చిన్నది: ఫలానా జన్యువు చెడితే ఈ కణాలు మెదడు దాకా వస్తాయా, వచ్చి పని చేస్తాయా?

రాత్రి ఆడ, మగ చేపలను ఒకే డబ్బాల వేసి నడుమ అడ్డు పెడతం. పొద్దున లైటు వెయ్యంగనే అడ్డు తీస్తే కాసేపట్లనే గుడ్లు జాలి కిందికి రాలుతయి. చాయ్ వడబోసే జాలితోనే వాటిని పట్టి, 28.5 డిగ్రీల నీళ్ళల్ల ఉంచుతం. మూడు నాలుగు రోజుల పిల్ల ఒళ్ళంతా గాజే. నీళ్ళల్ల న్యూట్రల్ రెడ్ అనే రంగు కొంచెం కలిపి కొన్ని గంటలు ఆగితే, కండ్ల నడుమ మెదడుల ఎర్ర చుక్కలు తేలుతయి. ఒక్కో చుక్క ఒక్కో మైక్రోగ్లియా. ఇరవయ్యో ముప్పయ్యో ఉంటయి, మైక్రోస్కోపు కింద ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు. ఐఆర్ఎఫ్8 జన్యువు చెడిన పిల్లల ఆ చుక్కలే ఉండవు. మొదటిసారి చూసిన రోజు నేను అన్నం మరిచిపోయిన.

మనుషుల మీద పని జరగకపోలేదు. ట్రెమ్2 జన్యువుల ఒక అరుదైన మార్పు ఉన్నోళ్ళకు అల్జీమర్స్ ముప్పు దాదాపు మూడింతలని 2013ల మనుషుల రక్తపరీక్షలతోనే తేలింది. మెదడుల ఆ జన్యువు పనిచేసేది ముఖ్యంగా మైక్రోగ్లియాలనే. కానీ రక్తం చూస్తే కణం ఏం చేస్తుందో కనపడదు కదా అన్నా. సీఎస్ఎఫ్1ఆర్ అనే జన్యువు చేపల రెండు ప్రతులుంటది. ఒకటి చెడితే ఒంటి మీది పసుపు చారలు పోతయి. రెండూ చెడితే మెదడుల మైక్రోగ్లియానే ఉండవు. అదే జన్యువు తల్లి వైపుదీ తండ్రి వైపుదీ చెడిన ఒక పసిబిడ్డ మెదడుల గూడ ఈ కణాలు లేవని 2019ల రాసిండ్రు.

కరీంనగర్_జువాలజీ:
ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి రిటైరయ్యాను. జీబ్రా చేప మన నేల చేపే, 1822లో హామిల్టన్ గంగ చేపల మీద రాసిన పుస్తకంతోనే లోకానికి తెలిసింది. దాని మీద నాకూ ప్రేమ ఉంది. అయినా రెండు మాటలు చెప్పాలి.

చుక్కలు లేవంటే ఆ జన్యువు వల్లేనని తొందరపడొద్దమ్మా. ఒకప్పుడు జన్యువును ఆపే మందును గుడ్డులోకి సూదితో ఎక్కించేవారు. అలా కనిపించిన లోపాల్లో చాలా భాగం, జన్యువును నిజంగా చెడగొట్టిన చేపల్లో కనిపించలేదని 2015లో బయటపడింది.

రెండోది ఇంకా పెద్దది. ఎలుకలో మైక్రోగ్లియా పిండదశలో సొన సంచి నుంచి వస్తాయి, జీవితాంతం వాటి సంతతే. చేపలో అలా కాదు. పిల్లప్పటివి పోయి, పెద్ద రక్తనాళం గోడలో పుట్టినవి ఆ జాగాలోకి వస్తాయి. మూడు రోజుల పిల్లలో చూసిందాన్ని ముసలితనపు జబ్బుకు అంటగడితే తప్పే. అక్కడ పరకాల తమ్ముడితో నేనూ ఉన్నాను.

చేపల_గది:
సార్, రెండోదానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్న. మొదటిదానికి ఉంది. జన్యువును క్రిస్పర్‌తో, అంటే జన్యువుల కావాల్సిన చోటనే కోసే పద్ధతితో, కోసినంక, మనిషి జన్యువు ప్రతిని ఆ చేపలనే తిరిగి పెట్టాలె. చుక్కలు తిరిగొస్తేనే నమ్మాలె.

పరకాల_పెద్దకొడుకు:
అక్కా, పసిబిడ్డ సంగతి నాకు తెల్వదు. చేప మీద నాకు కోపం లేదు. "మందు దొరికింది" అని రాసే రాతల మీదనే. చెల్లె, నీ ప్రాజెక్టు మొదటి పేజీల "ఇది మూడు రోజుల చేపపిల్ల" అని రాయి. మా అసొంటోళ్ళు గూడ చదువుతరు, ఆశ పెట్టుకుంటరు.

హన్మకొండ_అమ్మాయి:
తప్పకుండ రాస్తన్నా. మనిషి ప్రతిని తిరిగి పెట్టే పరీక్ష గూడ కలపమని గైడును అడుగుత. బాపుకు పైన అక్క రాసింది చదివి వినిపించిన. "చుక్కలు నాకు గూడ చూపిస్తవా" అన్నడు. అక్కా, ఒక్క సందేహం. మే నెల ఎండల్ల నీళ్ళు 28.5 దాటకుండ ఎట్ల?

చేపల_గది:
నీళ్ళను చల్లబెట్టే తిప్పలు పడకు. గదికి ఏసీ పెట్టి 26 మీద ఉంచు, తొట్టికి థర్మోస్టాట్ ఉన్న హీటరు పెట్టు. కరెంటు పోతే ముందు గాలి పంపు నడిచేటట్టు ఇన్వర్టరుకు కలుపు.