స్పెయిన్‌లో ఉన్న యూకే మోటార్‌హోమ్‌కి ఎంఓటీ (యూకే ఫిట్‌నెస్ పరీక్ష) ఎక్కడ చేయించాలి? అర్జెంట్

గోదారిగట్టు:
పొద్దుట్నించీ దీని మీదే కూర్చున్నాను, తల వాచిపోయింది. యూకే నంబర్ మోటార్‌హోమ్, వాలెన్సియా దగ్గర ఒక స్టోరేజ్ యార్డులో ఉంది. రోడ్ ట్యాక్స్ నెలాఖరుకి అయిపోతోంది. యూకే బండ్ల రిజిస్ట్రేషన్, ట్యాక్స్ చూసే డీవీఎల్ఏ సైట్లో కడదామంటే ఎంఓటీ లేదని అక్కడే ఆపేస్తోంది. ఎంఓటీ పోయిన వారమే ముగిసింది. ఇక్కడి ఐటీవీ (స్పెయిన్ ఫిట్‌నెస్ పరీక్ష) సెంటర్‌కి వెళ్లి అడిగితే, కౌంటర్లో అమ్మాయి లాగ్‌బుక్కు నాలుగు పేజీలూ తిరగేసి, నంబర్ ప్లేట్ ఫొటో చూసి, తల అడ్డంగా ఊపింది. ఇన్సూరెన్స్ వాళ్లకి చేస్తే పాట వినిపిస్తున్నారు తప్ప మనిషి రాడు. పోనీ సోర్న్ (బండి రోడ్డెక్కదని డీవీఎల్ఏకి చెప్పడం) పెట్టేస్తే ట్యాక్స్ గొడవ వదులుతుంది కదా? స్పెయిన్‌లో ఎంఓటీ చేసే చోటు తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మితభాషి:
ఎంఓటీ యూకేలోనే. సోర్న్ యూకేలో ఉన్న బండికే.

గోదారిగట్టు:
అది సరేనండీ, మరి ఇప్పుడు ఏం చెయ్యాలి?

మితభాషి:
యూకే తీసుకెళ్లాలి.

స్పానర్ బాబాయ్:
అందరూ కాగితాల గురించే మాట్లాడతారు, టైర్ల సంగతి ఒక్కడూ అడగడు. యార్డులో ఎన్నాళ్లుగా కదలకుండా ఉంది బాబూ ఆ బండి? మూడున్నర టన్నుల బరువు నెలల తరబడి ఒకే చోట నొక్కుతుంటే టైరు అడుగు చదునైపోతుంది. టైరు పక్క గోడ మీద డాట్ అని ఉంటుంది, దాని చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. మోటార్‌హోమ్ టైర్లు అరిగి పోవు, ముసలివై పోతాయి. పైన ట్రెడ్ కొత్తదానిలా నిగనిగలాడుతుంది, పక్కన సన్నగా వెంట్రుకల్లాంటి పగుళ్లు. ఎండకి ఉంటే మరీ త్వరగా వస్తాయి. 2021 నుంచి యూకేలో లారీలకీ బస్సులకీ ముందు ఇరుసు మీద పదేళ్లు దాటిన టైర్లు నిషేధం. మోటార్‌హోమ్‌లకి ఆ రూలు లేదు, ఉండాలి అంటాను నేను. సీపీ అని రాసున్న, క్యాంపింగ్ బండ్ల కోసం చేసిన టైర్లే వెయ్యండి, గాలి మాత్రం బండి బరువు తూయించి దాన్ని బట్టి పెట్టండి.

హైవే హరిశ్చంద్ర:
బాబాయ్, ఆయన అడిగింది ఎంఓటీ గురించి.

స్పానర్ బాబాయ్:
ఎంఓటీలో టైర్లు చూడరా?

రెండో గేరు:
గోదారిగట్టు గారూ, ఎంఓటీకి ముందు తేల్చుకోవాల్సినది వేరే ఉంది. బండి స్పెయిన్‌లోకి ఎప్పుడు వచ్చింది? యూకే నంబర్ బండికి ఈయూలో సుంకం కట్టకుండా ఉండే గడువు 6 నెలలు. దీన్ని టెంపరరీ అడ్మిషన్ అంటారు. సరిహద్దు దాటగానే దానంతట అదే మొదలవుతుంది, ఎవరూ కాగితం ఇవ్వరు, అందుకే చాలామందికి తెలియదు. వీసా లేకుండా వచ్చిన మనిషికుండే 180 రోజుల్లో 90 రోజులు అనేది వేరే లెక్క. బండి యార్డులో వదిలి మీరు విమానంలో వెళ్లిపోయినా బండి గడువు ఆగదు.

గోదారిగట్టు:
వినాయక చవితికి వచ్చింది. ఉగాది అయిపోయింది కదా, అంటే దాటేసినట్టేనా? మా యార్డులో పదేళ్లుగా ఉన్న ఇంగ్లీషు వాళ్ల బండ్లున్నాయి, వాళ్లనెవరూ ఏమీ అనలేదు.

హైవే హరిశ్చంద్ర:
పట్టుకోనంత కాలం ఎవరూ ఏమీ అనరు. అయితే రెండో గేరు గారు చెప్పిన దాంట్లో చిన్న సవరణ. అది 12 నెలల్లో 6 నెలలు. వరసగా 6 నెలలు కాదు.

రెండో గేరు:
మీరు చెప్పేది 1983 నాటి ఈయూ ఆదేశం, డైరెక్టివ్ అంటారు. అది ఈయూ దేశాల బండ్లు ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లినప్పటి సంగతి. 2020 డిసెంబర్ 31తో బ్రిటన్‌కి ఆ లెక్క పోయింది. ఇప్పుడు వర్తించేది ఈయూ కస్టమ్స్ కోడ్.

హైవే హరిశ్చంద్ర:
డైరెక్టివ్ అనండి, కోడ్ అనండి, రోడ్డు మీద ఆపిన సివిల్ గార్డ్ పోలీసు మీ దగ్గర కోడ్ పుస్తకం అడగడు. అన్నట్టు యూకే స్టిక్కర్ ఉందా వెనకాల? స్పెయిన్‌లో ప్లేట్ మీద ఏమున్నా విడిగా స్టిక్కర్ ఉండాల్సిందే. పాత జీబీది 2021 సెప్టెంబర్ 28 నుంచి చెల్లదు.

రెండో గేరు:
అసలు ప్రశ్న ఇంకా అడగలేదు. మీరు ఉండేది ఎక్కడ? ఆ 6 నెలల వెసులుబాటు ఈయూ బయట నివాసం ఉన్నవాళ్లకే.

గోదారిగట్టు:
వాలెన్సియాలోనే. మా ఆవిడకి ఇక్కడ ఉద్యోగం వచ్చింది. సంక్రాంతికి రెసిడెన్స్ కార్డు కూడా చేతికొచ్చింది. దానికీ బండికీ ఏం సంబంధం?

మితభాషి:
అదే సంబంధం.

రెండో గేరు:
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే ఇంత చర్చ ఉండేది కాదు. మీరు స్పెయిన్ నివాసి అయితే యూకే నంబర్ బండి నడపడమే చిక్కు, ఎంఓటీ ఉన్నా సరే. రెండు దార్లు. ఒకటి, బండిని ఈయూ బయటికి పంపెయ్యడం. రెండు, ఇక్కడ దిగుమతి చేసి స్పానిష్ నంబర్ తీసుకోవడం. మామూలుగా అయితే బండి విలువ మీద 10 శాతం సుంకం, ఆ రెండూ కలిపిన మొత్తం మీద 21 శాతం వ్యాట్, పైన రిజిస్ట్రేషన్ పన్ను. అయితే కాపురం మార్చుకుని వచ్చినవాళ్లకి సుంకం, వ్యాట్ మినహాయింపు ఉంది. అంతకుముందు కనీసం 12 నెలలు ఈయూ బయట ఉండాలి, బండి కనీసం 6 నెలలుగా మీ దగ్గర వాడకంలో ఉండాలి, ఇక్కడ స్థిరపడ్డ 12 నెలల్లోపు అడగాలి, ఆ తర్వాత 12 నెలలు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు. మీకింకా టైముంది. గడువు దాటిన విషయంలో మాత్రం కస్టమ్స్ పని చేసే ఏజెంటుని ముందు కలవండి, నేరుగా కౌంటర్‌కి వెళ్లకండి.

గోదారిగట్టు:
హమ్మయ్య. బండి వీ5సీ (ఆ లాగ్‌బుక్కే) మాత్రం మా బావమరిది పేరు మీద ఉంది. లండన్‌లో పార్కింగ్ వాళ్లింట్లో అని అలా పెట్టాం. డబ్బులు నావే.

హైవే హరిశ్చంద్ర:
ఇంకేముంది, బండి ఆయనది.

రెండో గేరు:
కాదు. వీ5సీలో ఉండేది కీపర్, అంటే బండి బాధ్యత చూసే మనిషి పేరు, ఓనర్ కాదు. అది యాజమాన్యానికి రుజువు కాదని దాని మీదే రాసుంటుంది.

హైవే హరిశ్చంద్ర:
యూకేలో కాదు. స్పెయిన్ కౌంటర్లో ఉన్నవాడికి ఆ తేడా మీరు స్పానిష్‌లో చెప్పండి చూద్దాం.

రెండో గేరు:
కొన్న రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్ మీ పేరున ఉంటే అనువాదం చేయించి పెట్టొచ్చు. అవి లేకపోతే మినహాయింపు మీద ఆశ పెట్టుకోకండి. అప్పుడు బావమరిది గారినే రప్పించి, ఆయన చేతే సాంటాండర్ నుంచి పోర్ట్స్‌మత్ ఫెర్రీ ఎక్కించండి. ఆయన యూకే నివాసి కాబట్టి నడపడంలో మీకున్న చిక్కు ఆయనకి లేదు. ఇన్సూరెన్స్‌లో ఆయన పేరుందో లేదో ముందు చూసుకోండి. యూకేలో దిగాక ముందే బుక్ చేసిన ఎంఓటీకి నేరుగా నడపొచ్చు, దానికి ట్యాక్స్ లేకపోయినా పర్వాలేదు. కానీ ఎంఓటీకి నడిపే ఆ మినహాయింపు స్పెయిన్ రోడ్ల మీద పనిచెయ్యదు. ట్రక్కు మీద ఎక్కించి రేవుకి పంపితే నిశ్చింత.

స్పానర్ బాబాయ్:
ట్రక్కయినా సరే, ఎక్కించే ముందు గాలి చూడండి.

గోదారిగట్టు:
బావతో మాట్లాడి చూస్తాను. థాంక్సండీ.

అలల దారి:
మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నాది పోర్చుగల్‌లో ఉంది, నేను యూకేలోనే ఉంటాను, వీ5సీ నా పేరు మీదే. 6 నెలలు పూర్తయ్యే ముందు ఓ వారం మొరాకో వెళ్లొస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుందా? ఎవరైనా చేసి చూశారా?