రికెన్‌బ్యాకర్ 4003 బాస్ గిటార్‌లో స్టీరియో జాక్‌ను ఎలా వాడుకోవాలి?

ప్రశ్న: రిక్-ఓ-సౌండ్ జాక్‌లో మామూలు కేబుల్ పెడితే ఒక్క పికప్పే (తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం) ఎందుకు పలుకుతుంది? రెండూ విడిగా వస్తే వాటితో ఏం చేయొచ్చు?

జవాబు 1: అది స్టీరియో జాక్ అండి. నెక్ పికప్ ఒక దారిన, బ్రిడ్జ్ పికప్ ఇంకో దారిన బయటికొస్తాయి. మోనో ప్లగ్ స్లీవ్ (వెనక లోహపు భాగం) పొడవుగా ఉండి రింగ్‌ని (జాక్‌లో రెండో సిగ్నల్ వచ్చే చోటు) గ్రౌండ్‌కి కలిపేస్తుంది, అందుకే ఒకటి మూగబోతుంది. టీఆర్‌ఎస్ ప్లగ్ (టిప్, రింగ్, స్లీవ్ అని మూడు భాగాలుండే స్టీరియో ప్లగ్) నుంచి రెండు మోనో ప్లగ్‌లుగా చీలే వై కేబుల్ తీసుకోండి. పికప్ స్విచ్ మధ్యలో ఉండాలి.

నెక్‌ని కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గుల్ని తగ్గించేది) మీదుగా డీఐ బాక్స్‌కి (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే పెట్టె), బ్రిడ్జ్‌ని డిస్టార్షన్ మీదుగా గిటార్ ఆంప్‌కి పంపండి. డిస్టార్షన్‌కి ముందే 200 హెర్ట్జ్ కింద ఉన్న ధ్వనిని కోసేయండి. అలా కోయకపోతే ప్రతి నోటూ బురదలో కూరుకున్నట్టుంటుంది. యెస్ బ్యాండ్ బాసిస్ట్ క్రిస్ స్క్వైర్ కూడా తన రికెన్‌బ్యాకర్‌ని స్టీరియోగానే వాడేవారు.

జవాబు 2: రెండు ఆంప్‌లకీ ఎర్త్ ఉంటే గ్రౌండ్ లూప్ వల్ల 'బుయ్'మని హమ్ వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ పెట్టి గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ గ్రౌండ్‌ని విడదీసే స్విచ్) నొక్కండి. ఆంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ తీయొద్దు, షాక్ కొడితే ప్రాణమే పోతుంది.

జవాబు 3: రెండూ కలిపినప్పుడు అడుగు స్వరాలు పలచబడితే ఒకదాని ఫేజ్ తిప్పి (అంటే తరంగాన్ని తలకిందులు చేసి) వినండి. రికార్డింగ్‌లో నెక్‌ని నడిమధ్యే ఉంచండి. కోరస్, డిలే, పానింగ్ అన్నీ బ్రిడ్జ్ మీదే.