వంకాయ నిగనిగ, చెంబు తళతళ: తేడా ఎక్కడుంది?

లేత వంకాయ నిగనిగలాడుతోంది అంటాం. తళతళలాడుతోంది అనాలంటే నోరు తిరగదు. చింతపండేసి తోమిన ఇత్తడి చెంబేమో తళతళ మెరుస్తుంది, దాన్ని నిగనిగ అంటే ఏదో వెలితి. రెండింటి మీదా పడేది అదే వంటింటి కిటికీ వెలుతురు. ఇది ఒట్టి అలవాటేనా, లేక మన పెద్దవాళ్ళ కంటికి ఏదైనా ఆనిందా?

—

ఆనిందనే నా అనుమానం అండీ. వంకాయని కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. దాని మీద మెరిసే మచ్చ ఊదారంగులో ఉండదు, తెల్లగా ఉంటుంది. నున్నటి తొక్క పైపైన కొద్దిపాటి వెలుతురునే తిప్పి పంపుతుంది (గాజు మీద నిటారుగా పడితే ఒక్కో ముఖం నుంచి వెనక్కి వచ్చేది సుమారు 4 శాతమే). మిగతాది లోపలికి పోతే, అక్కడి ముదురు రంగు చాలామటుకు మింగేస్తుంది. చీకటి మీద చిన్న వెలుగు, అదే నిగనిగ.

ఇత్తడి అలా లోపలికి పోనివ్వదు. పడినదాంట్లో ఎక్కువ భాగాన్ని పైనుంచే తిప్పికొడుతుంది, అదీ తన పసుపు అద్ది మరీ. బంగారం ధగధగలోనూ ఇంతే: నీలాన్ని మింగి, ఎరుపు పసుపుల్ని పంపిస్తుంది. పాఠ్యపుస్తకం అన్నిటినీ కలిపి ‘పరావర్తనం’ అని ఊరుకుంది. వంటిల్లు విడదీసింది.

—

బాగుంది! నూనె రాసిన జుట్టు, రామప్ప గుడి మదనికల (స్త్రీ శిల్పాల) నల్లరాయి, అన్నీ నిగనిగలే. ఎనిమిది వందల ఏళ్ళయినా ఆ రాతి నునుపు పోలేదు.

—

మాస్టారూ, నలుపే ఉండాలా? ఎర్రటి యాపిల్ పండు నిగనిగలాడదా? పసిపిల్లల బుగ్గలో?

—

నిజమే, తొందరపడ్డాను. నలుపు షరతు తీసేద్దాం, నునుపు షరతు ఉంచుదాం. ముదురు రంగు మీద ఇంకాస్త కొట్టొచ్చినట్టు కనిపిస్తుందంతే.

—

మరి సున్నం కొట్టిన గోడ? అదీ బోలెడు వెలుతురు వెనక్కి పంపుతుందిగా, కాకపోతే నలుమూలలకీ చెదరగొట్టి. దానికి ఇలాంటి జంటమాట నాకొక్కటీ తట్టడం లేదు. ‘మల్లెపువ్వులా ఉంది’ అని సరిపెట్టుకుంటాం.

—

ఉతికిన తెల్లపంచెకి ‘ఫెళఫెళ’ ఉందిగా!

—

అది గంజి చప్పుడండీ బాబూ, వెలుగు కాదు.