ఇంటెల్, ఏఎండీ, పవర్ మూడూ ఉన్న చోట వీఎంవేర్ నుంచి ప్రాక్స్‌మాక్స్‌కి: ఏ వరసలో వెళ్లాలి?

రాక్42 (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ముందు సెటప్ చెప్తాను.

వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ఐ 7 మీద ఇంటెల్ హోస్టులు మూడు, వాటిలో 58 వీఎంలు (వర్చువల్ మెషీన్లు). సగానికి పైగా విండోస్ సర్వర్ 2016, 2019. మిగతావి రెడ్‌హ్యాట్ 8, 9, కొన్ని ఉబుంటు. ఇవి కాక హైపర్-వి (మైక్రోసాఫ్ట్ హైపర్‌వైజర్) హోస్టు ఒకటి, దాంట్లో 9 వీఎంలు. ఐబీఎం పవర్10 సర్వర్లు రెండు, వాటిలో ఏఐఎక్స్ (ఐబీఎం యూనిక్స్) ఎల్పార్లు (సర్వర్‌ని భాగాలు చేసి నడిపే పార్టిషన్లు) ఆరు, అన్నిట్లోనూ ఒరాకిల్ డేటాబేసు. అన్నిటికీ ఒకే ఫైబర్ ఛానల్ శాన్ (పంచుకునే స్టోరేజ్ నెట్‌వర్క్). కొత్తగా ఏఎండీ ఎపిక్ సర్వర్లు రెండు వచ్చాయి.

వీస్ఫియర్ 7 (ఈఎస్ఎక్స్ఐ ఉన్న వీఎంవేర్ సూట్) జనరల్ సపోర్ట్ 2025 అక్టోబర్ 2తో అయిపోయింది కాబట్టి ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ) భాగమంతా లినక్స్ కేవీఎం మీద వీఎంలు నడిపే ప్రాక్స్‌మాక్స్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఎపిక్ బాక్సుల మీద క్లస్టర్ మొదలుపెట్టి, ఖాళీ అయ్యే కొద్దీ ఇంటెల్ హోస్టుల్ని అందులో కలుపుతాం. పైవాళ్లు అడిగేది మాత్రం అన్నీ ఒకే స్క్రీన్ మీద కనిపించాలని.

అడగాలనుకున్నవి: విండోస్ వీఎంలు బ్లూ స్క్రీన్ పడకుండా మార్చే పద్ధతి ఏది? ఇంటెల్, ఏఎండీ ఒకే క్లస్టర్లో ఉంటే లైవ్ మైగ్రేషన్ (వీఎం ఆపకుండానే హోస్టు మార్చడం) నడుస్తుందా? శాన్‌ని ఎలా వాడుకోవాలి? పవర్ వైపు సర్వర్ల మధ్య ఎల్పార్లు మార్చబోతే హెచ్ఎంసీ (పవర్ సర్వర్ల మేనేజ్‌మెంట్ కన్సోల్) వ్యాలిడేషన్‌లోనే ఫెయిల్ అవుతోంది, అది కూడా ఇందులోనే అడిగేస్తున్నాను.

బూట్‌డిస్క్

రాక్42 గారూ, వీఎంలు మార్చే భాగం నేను చెప్తాను. ప్రాక్స్‌మాక్స్ 8.2 నుంచి ఈఎస్ఎక్స్ఐ ఇంపోర్ట్ విజార్డ్ ఉంది. దాన్ని వీఎంవేర్ హోస్టులన్నిటినీ నడిపే వీసెంటర్‌కి కాకుండా నేరుగా ఒక్కో ఈఎస్ఎక్స్ఐ హోస్టుకి కలపండి. వీసెంటర్ ద్వారా వెళ్తే కాపీ వేగం బాగా పడిపోతుంది. ఒకేసారి నాలుగు డిస్కులకు మించి పెట్టకండి, ఈఎస్ఎక్స్ఐ సెషన్ల పరిమితి తగిలి మధ్యలో 503 ఎర్రర్ వస్తుంది. ఇంపోర్ట్‌కి ముందే స్నాప్‌షాట్లన్నీ కన్సాలిడేట్ చేయాలి (అసలు డిస్కులో కలిపేయాలి). అవి ఉంటే కాపీ నత్తనడక నడుస్తుంది.

విండోస్ వీఎం దగ్గర చాలామంది చేసేదేంటంటే, వీఎంవేర్‌లో ఉండగానే వర్ట్ఐఓ (కేవీఎం వర్చువల్ డివైసుల) డ్రైవర్ల ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసి, ఇక చాలనుకుని అటు వెళ్లి డిస్కుని నేరుగా వర్ట్ఐఓ స్కజీకి తగిలిస్తారు. వెంటనే ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్, అదే 7బి స్టాప్ కోడ్. డ్రైవర్ ఫైళ్లు డిస్కులో ఉన్నమాట నిజమే. కానీ ఆ కంట్రోలర్‌ని విండోస్ ఎప్పుడూ చూడలేదు కాబట్టి, బూట్ సమయంలో లోడ్ కావాల్సిన డ్రైవర్ల వరసలో దాన్ని చేర్చలేదు.

అందుకని ఇలా చేయండి. బూట్ డిస్కుని మొదట సాటాగా పెట్టి ఆన్ చేయండి. అదే వీఎంకి 1 జీబీ ఖాళీ డిస్కు ఒకటి స్కజీ బస్ మీద జత చేయండి, కంట్రోలర్ రకం వర్ట్ఐఓ స్కజీ సింగిల్. విండోస్ లోపల వర్ట్ఐఓ ఐఎస్ఓ నుంచి డ్రైవర్లు, గెస్ట్ ఏజెంట్ ఇన్‌స్టాల్ చేసి, డివైస్ మేనేజర్‌లో స్టోరేజ్ కంట్రోలర్ల కింద రెడ్‌హ్యాట్ వర్ట్ఐఓ స్కజీ పేరు పసుపు గుర్తు లేకుండా కనిపించేదాకా ఆగండి. అప్పుడు షట్‌డౌన్ చేసి, బూట్ డిస్కుని డిటాచ్ చేసి స్కజీ 0గా మళ్లీ తగిలించండి. 1 జీబీ డిస్కు తీసేయండి. ఆప్షన్లలో బూట్ ఆర్డర్‌లో స్కజీ 0కి టిక్ పెట్టడం చాలామంది మర్చిపోతారు. అది పెట్టకపోతే బూటబుల్ డివైస్ లేదంటుంది, డిస్కు పాడైందేమోనని గంటలు పోతాయి.

వీఎంవేర్ టూల్స్‌ని పాత హోస్టు మీద ఉండగానే అన్‌ఇన్‌స్టాల్ చేయాలి. ఇవతలికి వచ్చాక ఆ అన్‌ఇన్‌స్టాలర్, ఇది వీఎంవేర్ మెషీన్ కాదంటూ ఆగిపోతుంది. దానికంటే ముందు ఐపీ, గేట్‌వే, డీఎన్ఎస్, పర్సిస్టెంట్ రూట్లు ఒక టెక్స్ట్ ఫైల్లో రాసిపెట్టుకోండి. కొత్త నెట్‌వర్క్ కార్డు వస్తుంది కాబట్టి స్టాటిక్ ఐపీ పోతుంది. పాత కార్డు డివైస్ మేనేజర్‌లో దాచిన డివైసుల్లో బతికే ఉంటుంది, దాన్ని తీసేయకపోతే ఆ ఐపీ వేరే అడాప్టర్‌కి ఉందని పేచీ పెడుతుంది. డేటా డిస్కులు ఆఫ్‌లైన్‌గా కనిపిస్తే కంగారు పడొద్దు. అది విండోస్ సర్వర్ శాన్ పాలసీ పని, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆన్‌లైన్ చేస్తే సరి.

బయోస్, యూఈఎఫ్ఐ రెండు వైపులా ఒకటే ఉండాలి. వీఎంవేర్‌లో బయోస్ అయితే ఇక్కడ సీబయోస్, ఈఎఫ్ఐ అయితే ఓవీఎంఎఫ్. వర్చువల్ టీపీఎం (కీలు దాచే సెక్యూరిటీ చిప్) ఉన్న వీఎంలకు ఆ టీపీఎం స్థితి బదిలీ కాదు. బిట్‌లాకర్ (డిస్కు ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ చేతిలో లేకుండా షట్‌డౌన్ చేయకండి.

లినక్స్‌లో ఉబుంటు సాధారణంగా నేరుగా లేస్తుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో బూట్ మొదట్లో లోడయ్యే చిన్న ఇమేజ్, అంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఆ మెషీన్‌కి కావాల్సిన డ్రైవర్లతోనే తయారవుతుంది, వర్ట్ఐఓ అందులో ఉండదు. షట్‌డౌన్‌కి ముందే ఆ ఇమేజ్ తయారు చేసే డ్రాకట్‌ని నో-హోస్ట్‌ఓన్లీ ఆప్షన్‌తో నడిపి అన్ని కెర్నల్స్‌కీ కొత్తది తయారు చేయండి. మర్చిపోతే గ్రబ్‌లో రెస్క్యూ ఎంట్రీతో బూట్ చేసి లోపల అదే పని చేయొచ్చు. ఇంటర్‌ఫేస్ పేరు ఈఎన్ఎస్192 నుంచి ఈఎన్ఎస్18 అవుతుంది, నెట్‌వర్క్ కాన్ఫిగ్‌లో ఆ పేరు ఎక్కడెక్కడ ఉందో చూసుకోండి.

సమయం లెక్క: 1 గిగాబిట్ లింకు మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, అంటే 1 టీబీకి రెండున్నర గంటలు. లైవ్ ఇంపోర్ట్ ఆప్షన్‌తో కాపీ అవుతుండగానే వీఎం ఆన్ చేయొచ్చు కానీ, మధ్యలో తెగితే ఆన్ చేసినప్పటి నుంచి రాసిన డేటా పోతుంది. డేటాబేసులకు అది వద్దే వద్దు.

హైపర్-వి వీఎంలకు ముందు చెక్‌పాయింట్లన్నీ డిలీట్ చేసి మెర్జ్ పూర్తయ్యేదాకా ఆగి, వీహెచ్‌డీఎక్స్‌ని క్యూఈఎంయూ-ఇమేజ్ టూల్‌తో మార్చండి. జెనరేషన్ 1 అయితే సీబయోస్, 2 అయితే ఓవీఎంఎఫ్. మిగతాదంతా పైన చెప్పినట్టే.

కోరం_కాపలా

సీపీయూ సంగతి. ఇంటెల్ నుంచి ఏఎండీకి నడుస్తున్న వీఎంని జరపాలనే ఆలోచన మానుకోండి. వీఎంవేర్ ఈవీసీ (వేర్వేరు తరాల ప్రాసెసర్ల మధ్య వీఎంలు జరగనిచ్చే సౌకర్యం) కూడా ఒకే కంపెనీ ప్రాసెసర్ల మధ్యే పనిచేసేది. ఇక్కడ కొన్నిసార్లు జరిగినట్టే కనిపిస్తుంది, తర్వాత వీఎం లోపల టైమర్ గందరగోళమో కెర్నల్ ప్యానిక్కో వస్తుంది. ఒకే క్లస్టర్‌లో రెండూ ఉండొచ్చు, అందులో తప్పు లేదు. హెచ్ఏ (నోడ్ పడిపోతే దాని వీఎంలను వేరేచోట లేపే సౌకర్యం) నియమాలతో ఇంటెల్ గుంపు, ఏఎండీ గుంపు వేరుగా పెట్టి, గుంపు దాటాల్సి వస్తే షట్‌డౌన్ చేసి అటువైపు ఆన్ చేయండి.

సీపీయూ టైప్ 'హోస్ట్' అని పెట్టకండి, ఇంటెల్‌లోనే రెండు తరాలున్నా అది కాలికి అడ్డం పడుతుంది. ఎక్స్86-64-వీ2-ఏఈఎస్ చాలు, 8.0 నుంచి డిఫాల్ట్ కూడా అదే. పాత గైడ్లు చూసి కేవీఎం64 పెడితే రెడ్‌హ్యాట్ 9 బూట్ మొదట్లోనే సీపీయూ వీ2ని సపోర్ట్ చేయదంటూ ఆగిపోతుంది. రెడ్‌హ్యాట్ 10కి వీ3 కావాలి, అది పెట్టేముందు మీ పాత ఇంటెల్ హోస్టులు కనీసం హాస్‌వెల్ తరానివో కాదో చూసుకోండి.

మొదట్లో మీకు రెండే నోడ్లు. ఒకటి పడిపోతే మిగిలినదానికి మెజారిటీ ఉండదు. క్లస్టర్ బయట ఏదైనా చిన్న లినక్స్ మెషీన్ మీద క్యూడివైస్ పెడితే మూడో ఓటు వస్తుంది. దాన్ని అదే క్లస్టర్‌లోని వీఎంలో పెట్టకండి, పెడితే పెట్టనట్టే. ఇంటెల్ హోస్టులు మూడూ చేరి ఐదు నోడ్లయ్యాక క్యూడివైస్ తీసేయండి. హైపర్-వి బాక్సు కూడా చేరి సంఖ్య సరిసంఖ్య అయితే ఉంచుకోవచ్చు.

నోడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కోరోసింక్‌కి విడిగా నెట్‌వర్క్ కార్డు ఇవ్వండి, 1 గిగాబిట్ సరిపోతుంది. దానికి కావాల్సింది బ్యాండ్‌విడ్త్ కాదు, తక్కువ లేటెన్సీ, 5 మిల్లీసెకన్లలోపు. రాత్రి బ్యాకప్ అదే లింకు మీద పోతే ప్యాకెట్లు ఆలస్యమై నోడ్ తాను విడిపోయానని నమ్ముతుంది. హెచ్ఏ ఆన్‌లో ఉంటే ఒక నిమిషంలో వాచ్‌డాగ్ దాన్ని రీబూట్ చేసేస్తుంది. అర్ధరాత్రి కారణం తెలియకుండా నోడ్లు రీబూట్ అవుతున్నాయంటే ముందు అక్కడే చూడాలి.

శాన్: వీఎంఎఫ్ఎస్ (వీఎంవేర్ ఫైల్ సిస్టమ్) లన్‌లు (శాన్ ఇచ్చే డిస్కులు) ప్రాక్స్‌మాక్స్‌కి పనికిరావు. స్టోరేజ్‌లో కొత్త లన్ చేసి ప్రాక్స్‌మాక్స్ హోస్టులకు మాత్రమే మ్యాప్ చేయండి. పాత లన్‌లు వాటికి అసలు కనబడకూడదు. ఖాళీ డిస్కేమో అనుకుని ఎవరైనా ఒక్కసారి ఇనిషియలైజ్ చేశారంటే 58 వీఎంలూ గల్లంతే. మల్టీపాత్-టూల్స్ డిఫాల్ట్‌గా రాదు, ఇన్‌స్టాల్ చేయాలి. ఒకే లన్ నాలుగు పాత్‌ల ద్వారా నాలుగు డిస్కులుగా కనిపిస్తుంది. ఫిజికల్ వాల్యూమ్‌ని పాత్‌లన్నిటినీ ఒకటిగా చూపే మ్యాపర్ పేరు మీదే చేయాలి, ఆ నాలుగింటిలో ఒకదాని మీద చేస్తే ఆ కేబుల్ పోయిన రోజు డేటాస్టోర్ మొత్తం పోతుంది.

ఆ పైన సాధారణ ఎల్‌వీఎం (లినక్స్ వాల్యూమ్ మేనేజర్), షేర్డ్ టిక్‌తో. ఎల్‌వీఎం-థిన్‌ని నోడ్ల మధ్య పంచుకోకూడదు. 9.0లో ఇలాంటి స్టోరేజ్‌కి స్నాప్‌షాట్ సౌకర్యం టెక్నాలజీ ప్రివ్యూగా వచ్చింది, ప్రొడక్షన్‌లో దాని మీద ఆధారపడమని నేను చెప్పను. బ్యాకప్‌కి స్టోరేజ్ స్నాప్‌షాట్ అవసరం లేదు, ఆ పని క్యూఈఎంయూ స్థాయిలో జరుగుతుంది.

ఎల్పార్_మేస్త్రి

పవర్ భాగం నాకొదలండి. ముందుగా, ఏఐఎక్స్ పవర్ ప్రాసెసర్ల మీదే నడుస్తుంది, ఆ ఆరింటినీ ఎక్స్86 ప్లాన్‌లోంచి తీసేయండి. ఎన్‌పీఐవీ (ఎల్పార్‌కి శాన్‌లో సొంత వర్చువల్ ఫైబర్ పోర్ట్ ఇచ్చే పద్ధతి) వాడుతున్నారనే అనుకుని చెప్తున్నాను. లైవ్ పార్టిషన్ మొబిలిటీ (నడుస్తున్న ఎల్పార్‌ని వేరే సర్వర్‌కి జరపడం) వ్యాలిడేషన్ ఫెయిల్ అవడానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం జోనింగ్ (శాన్ స్విచ్‌లో ఎవరు ఎవరిని చూడొచ్చో చెప్పే సెట్టింగ్).

ప్రతి వర్చువల్ ఫైబర్ ఛానల్ అడాప్టర్‌కి డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌లు (ఫైబర్ ఛానల్ అడ్రస్ నంబర్లు) రెండు ఉంటాయి, జంటగా, సీ05076తో మొదలవుతాయి. మామూలప్పుడు ఒకటే ఫ్యాబ్రిక్‌లోకి లాగిన్ అవుతుంది. రెండోది ఎల్పార్ కదిలేటప్పుడే అవతలి సర్వర్ నుంచి లాగిన్ అవుతుంది. శాన్ అడ్మిన్ స్విచ్‌లో కనిపించిన నంబర్లనే జోన్ చేస్తారు, రెండోది అక్కడ కనబడదు కాబట్టి వదిలేస్తారు. ఎల్పార్ ఏళ్లపాటు హాయిగా నడుస్తుంది, కదిలించబోయిన రోజు బయటపడుతుంది. హెచ్ఎంసీలో అడాప్టర్ ప్రాపర్టీస్ నుంచి రెండు నంబర్లూ తీసుకుని జోన్‌లోనూ, స్టోరేజ్ మాస్కింగ్‌లోనూ రెండుచోట్లా చేర్చాలి. స్విచ్‌లో కనిపించాల్సిందే అంటే హెచ్ఎంసీలో సీహెచ్-ఎన్‌పోర్ట్‌లాగిన్ కమాండ్‌తో రెండోదాన్ని కావాలని లాగిన్ చేయించొచ్చు.

ఇంకో ప్రమాదం. అడాప్టర్ సరిగా లేదని డిలీట్ చేసి మళ్లీ సృష్టిస్తే కొత్త జంట వస్తుంది, పాత నంబర్లు మామూలుగా తిరిగి రావు. నడుస్తున్న ఎల్పార్‌కి డైనమిక్‌గా అడాప్టర్ కలిపి, తర్వాత ప్రొఫైల్‌లో చేత్తో ఇంకోటి రాసినా అదే జరుగుతుంది. తర్వాతి యాక్టివేషన్‌లో డిస్కులు మాయం. డైనమిక్ మార్పు చేశాక కరెంట్ కాన్ఫిగరేషన్‌ని ప్రొఫైల్‌లోకి సేవ్ చేయడమే సరైన దారి.

జోనింగ్ సరిగ్గానే ఉంటే, వీఐఓఎస్ (ఎల్పార్లకు డిస్కులు, నెట్‌వర్క్ పంచే పార్టిషన్) నుంచి వర్చువల్ ఆప్టికల్‌లో ఐఎస్ఓ ఏదైనా మౌంట్ అయి ఉందేమో చూడండి, అది కూడా ఆపేస్తుంది. వర్చువల్ స్కజీ డిస్కులున్నాయంటే రెండు వైపులా వీఐఓఎస్‌లో రిజర్వ్ పాలసీ నో-రిజర్వ్ అయి ఉండాలి.

ఒరాకిల్ లైసెన్స్ మాట. ఒరాకిల్ తన పార్టిషనింగ్ పాలసీలో క్యాప్డ్ (ఎంటైటిల్‌మెంట్, అంటే కేటాయించిన సీపీయూ వాటా, దాటని) ఎల్పార్‌ని హార్డ్ పార్టిషనింగ్‌గా (ఆ భాగానికే లైసెన్స్ లెక్క) ఒప్పుకుంటుంది. అన్‌క్యాప్డ్ అయితే ఎంటైటిల్‌మెంట్ 0.5 ఉన్నా వర్చువల్ ప్రాసెసర్లు 8 ఉంటే 8 కోర్ల దాకా వాడుకోగలదు, లెక్క దాని ప్రకారం మారుతుంది. అందుకే ఈ డేటాబేసుల్ని ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్‌కి తెద్దామని ఎవరైనా అంటే, మామూలు కేవీఎంని ఒరాకిల్ హార్డ్ పార్టిషనింగ్‌గా చూడదని ముందే చెప్పండి.

రాక్42

ఎల్పార్_మేస్త్రి గారూ, నూటికి నూరుపాళ్లు అదే. ఆరు ఎల్పార్లలో నాలుగింటికి రెండో నంబర్ జోన్‌లో లేదు. బూట్‌డిస్క్ గారి 1 జీబీ డిస్కు పద్ధతి టెస్ట్ వీఎం మీద పనిచేసింది. మిగిలినవి రెండు: ఒకే స్క్రీన్ సంగతి, డొమైన్ కంట్రోలర్లు (విండోస్ డొమైన్ లాగిన్లు చూసే సర్వర్లు).

బూట్‌డిస్క్

డొమైన్ కంట్రోలర్లను అసలు మార్చకండి. ప్రాక్స్‌మాక్స్ మీద కొత్త విండోస్ వీఎం వేసి ప్రమోట్ చేయండి, రెప్లికేషన్ పూర్తయ్యాక ఎఫ్ఎస్ఎంఓ రోల్స్ (డొమైన్‌లో ఒక్క కంట్రోలరే చేసే పనులు) దానికి ఇచ్చి, పాతదాన్ని డిమోట్ చేయండి. కాపీ చేసిన కంట్రోలర్ పాతదానితోపాటు ఒక్క నిమిషం ఆన్‌లో ఉన్నా యూఎస్‌ఎన్ రోల్‌బ్యాక్ (కంట్రోలర్ల మధ్య డేటా కలవకుండా పోవడం) లాంటి చిక్కుల్లో పడతారు. మిగతా వీఎంలకు కూడా, ఇంపోర్ట్ అయ్యాక పాతదాని నెట్‌వర్క్ కార్డుకి 'పవర్ ఆన్‌లో కనెక్ట్' టిక్ తీసేయండి, రేపు ఎవరైనా పొరపాటున ఆన్ చేసినా ఒకే ఐపీతో రెండు మెషీన్లు నెట్‌వర్క్‌లోకి రావు.

కోరం_కాపలా

పవర్‌వీఎంని (పవర్ సర్వర్ల హైపర్‌వైజర్), ప్రాక్స్‌మాక్స్‌ని ఒకే కన్సోల్ నుంచి నడపాలని పట్టుబడితే రెండింటిలోనూ పైపై పనులే మిగులుతాయి. జోనింగ్ లోపం లాంటిది హెచ్ఎంసీలోనే కనబడుతుంది. కంట్రోల్ విడివిడిగా ఉంచి, జాబితా, మానిటరింగ్ మాత్రం ఒకటి చేయండి. నెట్‌బాక్స్ అనే జాబితా టూల్లో ప్రతి వీఎం, ప్రతి ఎల్పార్ ఎంట్రీ, దానికి యజమాని విభాగం, లైసెన్స్ రకం, బ్యాకప్ పాలసీ ట్యాగులు. ఆన్సిబుల్ (ఆటోమేషన్ టూల్) ఆ జాబితానే చదవాలి. మానిటరింగ్ టూల్ జబిక్స్‌కి వీఎంవేర్, ప్రాక్స్‌మాక్స్ టెంప్లేట్లు ఉన్నాయి, ఏఐఎక్స్‌కి ఏజెంట్ ఉంది. పైవాళ్లకు ఆ డాష్‌బోర్డ్ ఇవ్వండి. అందులో ఎక్స్86 వీఎంలకు స్టీల్ టైమ్ (సీపీయూ కోసం వీఎం ఎదురుచూసిన సమయం), ఎల్పార్లకు ఎంటైటిల్‌మెంట్ వాడకం శాతం పక్కపక్కన పెట్టండి. ఆ శాతం రోజంతా 100 దాటి ఉన్న ఎల్పార్, పక్క ఎల్పార్లు బిజీ అయిన రోజు నెమ్మదిస్తుంది. అది అన్‌క్యాప్డ్ అయితే ఎంటైటిల్‌మెంట్ పెంచే ముందు మేస్త్రి గారు చెప్పిన లైసెన్స్ లెక్క చూసుకోండి.