అప్‌డేట్: జాన్సన్ లైబ్రరీలో పీఎల్ 480 గోధుమల కాగితాలు దొరికాయి

1965–66 కరువులో పీఎల్ 480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద మనకొచ్చే గోధుమల్ని అక్కడి ప్రెసిడెంట్ జాన్సన్ బిగబట్టి, విడతలుగా వదిలిన కాగితాలు ఆస్టిన్‌లోని ఆయన లైబ్రరీలో ఎలా వెతకాలని అడిగాను కదా. దొరికాయండీ!

‘ఇండియా, గోధుమ’ అని కొడుతూ వారం వృథా అయింది. మీలో ఒకరు చెప్పినట్టు, అమెరికా విదేశాంగ శాఖ అచ్చేసిన 1964–68 పత్రాల్లో దక్షిణాసియాది, 25వ సంపుటం, తెరిచాను. అసలు కాగితం లైబ్రరీలో ఏ ఫైల్లో ఉందో ఫుట్‌నోట్లలోనే ఉంది: నేషనల్ సెక్యూరిటీ ఫైల్, కంట్రీ ఫైల్, ఇండియా. ఆ పేర్లతో వెతికితే పెట్టె నంబర్లు తెలిశాయి.

ఒక ఫోల్డర్‌లో మాత్రం కాగితానికి బదులు విత్‌డ్రాయల్ షీటుంది, అంటే రహస్యమని కాగితాన్ని తీసేసి ఆ చోట పెట్టిన చీటీ. తేదీ, ఎవరు ఎవరికి రాశారు, ఎన్ని పేజీలు, అంతే. మనసు చివుక్కుమంది. రహస్య ముద్ర ఎత్తేయమని సమీక్షకు అర్జీ పెట్టాను. ఆ గోధుమలు తిని పెరిగిన మా నాన్న రోజూ అడుగుతున్నారు, జవాబొచ్చిందా అని.